తూటా ఇరుక్కుంటే తప్పెవరిది?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కడియంలో జరిగిన సభలో పోలీసు శాఖ విశ్రాంత ఆర్మరర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలిసినప్పుడు 1982 నాటి నకారా తీర్పు గురించీ, డి.ఎ. బకాయిల గురించీ మాట్లాడుకోవడం ఎలాగూ ఉంటుంది. దానితో పాటు ఒక్కొక్కరు తమ ఉద్యోగంలో తాము మాత్రమే చెప్పగలిగిన సంగతి ఒకటి చెప్పాలని మన కార్యదర్శి గారు నియమం పెట్టారు. ఇరిగేషన్ మిత్రులు ధవళేశ్వరం బ్యారేజీ గేట్ల గురించి ఎంతో బాగా చెప్పారు. నా వంతు వచ్చిందని ఇంట్లో చెబితే మా ఆవిడ, "పూలమొక్కల ఊళ్ళో తుపాకుల గోల ఎవరిక్కావాలండీ?" అంది. ఆవిడా ఇక్కడే కూర్చుంది, కాబట్టి క్లుప్తంగానే చెబుతాను.

ముందుగా ఈ కర్ర చూడండి. జానెడున్నర పొడవు, చివర చీలిక. ఇది లాఠీ కాదు, చపాతీ కర్ర కాదు. అటువైపు వరసకి పంపిస్తున్నాను, ఒకరి తరవాత ఒకరు చూడండి. దీని కథే నా ప్రసంగం.

మన గోదావరి జిల్లాల్లో పోలీసు తుపాకీ అనగానే పెద్దలకి గుర్తొచ్చేది 1922 ఆగస్టు. అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజులు పడి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయారు. పిల్లలకి గుర్తొచ్చేది సినిమా. సినిమాలో తుపాకీ గుర్రం నొక్కితే చాలు, పేలుతూనే ఉంటుంది. అసలు తుపాకీ అలా కాదు. పేలడం ఒక ఎత్తు, పేలిన తరవాత ఖాళీ తొడుగు బయటికి రావడం ఇంకో ఎత్తు. అది రాకపోతే చేతిలో ఉన్నది తుపాకీ కాదు, నాలుగు కిలోల కర్రా ఇనుమూ.

నేను ఎక్కువ కాలం పనిచేసింది త్రీ నాట్ త్రీ రైఫిళ్ళ మీద. గుండు వెళ్ళిపోయాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని మేము 'ఎంప్టీ' అంటాం. తూటా కూర్చునే అరని చాంబర్ అంటాం. గుర్రం నొక్కినప్పుడు లోపల మందు మండి, చదరపు అంగుళానికి పద్ధెనిమిది, పంతొమ్మిది టన్నుల ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడికి ఇత్తడి తొడుగు ఉబ్బి చాంబర్ గోడలకి అతుక్కుంటుంది. అలా అతుక్కోవడం వల్లే వేడి గాలి వెనక్కి కాల్చేవాడి మొహం మీదికి రాదు. గుండు బయటికి వెళ్ళగానే ఒత్తిడి పడిపోతుంది, ఇత్తడి కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది. ఆ కొంచెమే మనకి కావలసింది. అప్పుడు బోల్టు లాగితే, ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం తొడుగు అంచుని పట్టుకుని బయటికి లాక్కొస్తుంది.

ఇత్తడినే ఎందుకు వాడతారంటే ఈ ఉబ్బి ముడుచుకునే గుణం కోసమే. డెబ్భై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు తుత్తునాగం. అజ్జరం ఇత్తడి పనివాళ్ళని అడగండి, సుత్తితో కొడుతుంటే గట్టిపడుతుందనీ, కాలిస్తే మెత్తబడుతుందనీ చెబుతారు. తూటా తొడుగు తయారీలోనూ అంతే. అడుగు గట్టిగా ఉంచుతారు, మూతి వైపు కాల్చి మెత్తబరుస్తారు.

మరి ఎందుకు ఇరుక్కుంటుంది? చాంబర్ గోడ నున్నగా ఉన్నంత కాలం సమస్య లేదు. గోడ మీద తుప్పు పట్టి గుంటలు పడ్డాయనుకోండి, ఉబ్బిన ఇత్తడి ఆ గుంటల్లోకి దిగుతుంది. దిగినది ముడుచుకున్నా పూర్తిగా వదలదు. ఎండిపోయిన నూనె, మట్టి, ఇసుక రేణువులు ఉన్నా అదే పని. తూటాయే వంకర పోయినా, మందు ఎక్కువైనా, ఎక్స్‌ట్రాక్టర్ అరిగినా, దాని స్ప్రింగు చచ్చినా ఇరుక్కుంటుంది. కానీ నా సర్వీసులో నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం చాంబర్ గోడ సంగతే.

ఇక నా కథ. ఊరు చెప్పను, యూనిట్ చెప్పను, అధికార్ల పేర్లు అసలే చెప్పను.

1986 ఆగస్టు వరద ఈ సభలో మరిచిపోయినవాళ్ళు ఉండరు. గట్లు తెగి లంకలు మునిగిపోయిన రోజులు. మా వాళ్ళని బందోబస్తుకి పంపారు. కొందరు పడవల్లో, కొందరు గట్ల మీద, అయిదారు రోజులు వానలోనే. రైఫిళ్ళు మాత్రం భుజం మీదే ఉన్నాయి, ఎందుకంటే పోతే ఉద్యోగం పోతుంది. తిరిగొచ్చేసరికి నలభై రైఫిళ్ళు బురదతో నా ముందు పడ్డాయి. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు, రెండు రోజుల్లో బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో పెట్టెయ్యాలి. (తెలియనివాళ్ళ కోసం: ఆయుధాలు భద్రపరిచే గదిని మేము అలా అంటాం.)

నేను చేసింది చెబుతాను. గరాటు పెట్టి ప్రతి బ్యారెల్‌లోంచీ మరుగు నీళ్ళు పోయించాను. అది సరైన పనే. పాత తూటాల క్యాపులు పేలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగులుతుంది, అది నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. వానాకాలంలో మన ఇంట్లో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో తెలుసు కదా, గొట్టంలో ఉప్పూ అంతే, గాలిలో తేమని పిలుచుకుంటుంది. కాబట్టి మరుగు నీళ్ళు మంచిదే. తరవాత పుల్‌త్రూ లాగించాను. అంటే తాడు చివర ఫ్లానలెట్ గుడ్డ కట్టి, చాంబర్ వైపు నుంచి మూతి వైపుకి లాగడం. నాలుగైదు సార్లు లాగితే బ్యారెల్ అద్దంలా మెరిసింది. నూనె గుడ్డ ఒకసారి లాగి, స్టాండులో నిలబెట్టించి, రిజిస్టరులో 'సర్వీసబుల్' అని రాసి సంతకం పెట్టాను.

ఇందులో తప్పెక్కడుందో ఎవరైనా చెప్పగలరా? మన మాస్టారు గారు చెయ్యెత్తుతున్నారు, ఆగండి, నేనే చెబుతాను.

బ్యారెల్ రంధ్రం 7.7 మిల్లీమీటర్లు. చాంబర్ వెనక వైపు దాదాపు 12 మిల్లీమీటర్లు. గుడ్డ ముక్క బ్యారెల్‌కి బిగుతుగా సరిపోయేలా కత్తిరించి ఉంటుంది. అది చాంబర్‌లోంచి పోయేటప్పుడు గోడలని సరిగ్గా తాకదు. అంటే పుల్‌త్రూ ఎన్ని సార్లు లాగినా చాంబర్ శుభ్రం కాదు, పొడిగా అవదు. అందుకే తెల్లవాళ్ళ కాలం నుంచీ త్రీ నాట్ త్రీకి చాంబర్ కర్ర అని వేరే ఉండేది. చీలికలో గుడ్డ దూర్చి చాంబర్‌లో పెట్టి తిప్పాలి. మా దగ్గర ఉన్నవి విరిగిపోయి చాలా కాలమైంది. ఇండెంటు పెట్టాం, రాలేదు. రాలేదని మేమూ ఊరుకున్నాం.

పైగా స్టాండులో రైఫిల్‌ని మూతి పైకి ఉండేలా నిలబెడతాం. బ్యారెల్‌లో మిగిలిన నీటి చుక్కలు ఎక్కడికి దిగుతాయి? తిన్నగా చాంబర్‌లోకి. బ్యారెల్ మెరుస్తూ పైన ఉంది, చాంబర్ కింద నీళ్ళు పీలుస్తోంది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అలాగే గడిచాయి.

జనవరిలో వార్షిక ఫైరింగు పెట్టారు. ఒక కుర్ర కానిస్టేబులు, ఉద్యోగంలో చేరి మూడేళ్ళు, మూడో రౌండు కాల్చాక బోల్టు లాగలేకపోయాడు. అరచేత్తో కొట్టాడు, రాలేదు. పక్కవాడు చెప్పిన సలహా విని బూటు మడమతో బోల్టు పిడిని తన్నాడు. బోల్టు వచ్చింది, తొడుగు అంచు ఒక పక్క చిరిగిపోయింది, తొడుగు మాత్రం లోపలే ఉండిపోయింది. పెద్ద అధికారి ఒకరు ఆ రోజు రేంజికి వచ్చి ఉన్నారు. అదీ వాడి ఖర్మ. మర్నాటికి 'ఆయుధ సంరక్షణలో నిర్లక్ష్యం, ప్రభుత్వ ఆస్తికి నష్టం' అని ఛార్జి మెమో. ఇంక్రిమెంటు కోత ఖాయమన్నారు. అంతకంటే పెద్ద విషయం, వాడి పేరు అప్పుడే హెడ్ కానిస్టేబులు కేడర్ కోర్సు జాబితాలో ఉంది. మెమో ఉంటే పంపరు.

ఆయుధం పరీక్షించి రిపోర్టు రాయమని నాకు కాగితం వచ్చింది. కుర్రవాడు సాయంత్రం షెడ్డుకి వచ్చి నిలబడ్డాడు. "సార్, బ్యారెల్ అద్దంలా ఉంది సార్. ముందు రోజు మీరే చూశారు కదా సార్," అన్నాడు. నిజమే, చూశాను. అందరం ఎలా చూస్తామంటే, బోల్టు తీసి వెనకాల బొటనవేలి గోరు పెట్టి, దాని మీద వెలుతురు పడేలా, మూతిలోంచి చూస్తాం. అలా చూస్తే బ్యారెల్ కనబడుతుంది, చాంబర్ గోడ కనబడదు.

వాణ్ణి పంపించేసి తొడుగు బయటికి తీశాను. మొదట తుపాకీని పూర్తిగా చల్లారనిచ్చాను. చల్లారితే ఇనుము కన్నా ఇత్తడి ఎక్కువ ముడుచుకుంటుంది, సగం పని అదే చేస్తుంది. చాంబర్ మూల రెండు చుక్కలు పలచటి నూనె వేసి కాసేపు ఆగాను. తరవాత మూతి వైపు నుంచి ఇత్తడి కడ్డీ దింపి మెల్లిగా తట్టాను. వచ్చింది. దీపం కింద పెట్టి చూస్తే తొడుగు ఒంటి మీద ఒక పక్కన చిన్న చిన్న బుడిపెలు, చెమటకాయల్లాగా. ఇత్తడి ఏ గుంటలోకి దిగిందో ఆ గుంట ఆకారం తొడుగు మీద అచ్చయింది. టార్చి వేసి చాంబర్ చూశాను. అదే చోట ఎర్రటి మచ్చలు.

ఆ రాత్రే వరద డ్యూటీకి వెళ్ళిన మిగతా రైఫిళ్ళన్నీ తీసి చూశాను. నలభైలో తొమ్మిదింటికి అదే జబ్బు. ఆ తొమ్మిదీ తొమ్మిదిమంది చేతుల్లోవి. తొమ్మిదిమందీ ఒకే చోట నిర్లక్ష్యం చేస్తారా? నిర్లక్ష్యం ఎవరిదో రిజిస్టరులో సంతకం చూస్తే తెలుస్తుంది. అది నాది.

నిజం చెబుతున్నాను, రిపోర్టు ఆ రాత్రి రాయలేదు. 'శుభ్రత లోపం' అని రెండు మాటలు రాస్తే నాకు ఏ ఇబ్బందీ లేదు. అది అబద్ధం కూడా కాదు. ఎవరి శుభ్రత అని రాయకపోతే చాలు. నాకప్పుడు ఇద్దరు ఆడపిల్లలు, నా ప్రమోషన్ కాగితాలూ కదులుతున్నాయి. రెండు రోజులు జేబులో ఆ ఎంప్టీ పెట్టుకు తిరిగాను. మూడో రోజు మా ఆవిడ చొక్కా ఉతకడానికి తీస్తుంటే అది కింద పడింది. ఏమిటని అడిగింది. చెప్పాను. "మరి రాయకుండా ఎందుకు తిప్పుతున్నారు?" అంది. అంతే అంది, ఇంకేం అనలేదు.

మొత్తం రాశాను. వరద, మరుగు నీళ్ళు, స్టాండు, లేని కర్రలు, నా సంతకం, తొమ్మిది నంబర్లు. తొడుగుని కవర్లో పెట్టి జత చేశాను. కుర్రవాడు చేసిన తప్పు ఒక్కటే అని కూడా రాశాను, తన్నకూడదు, చెయ్యెత్తి ఆర్మరర్‌ని పిలవాలి. ఆ సంగతి వాడికి ఎవరూ నేర్పలేదని కూడా రాశాను.

ఫలితం ఏమంటే, వాడి మీద మెమో ఎత్తేశారు. నాకు సెన్షూర్ వచ్చింది. నా ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి పోయింది. అయితే కాగితం తిరిగి వచ్చేసరికి కేడర్ కోర్సు మొదలైపోయింది, వాడు ఆ ఏడు వెళ్ళలేకపోయాడు. నేను రెండు రోజులు జేబులో పెట్టుకు తిరగకపోతే వెళ్ళేవాడేమో. వాడికి ఆ సంగతి చెప్పలేదు. ఈ మాట బయట చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ తరవాత సెలవు మీద కడియం వచ్చినప్పుడు మన వడ్రంగి చేత టేకు ముక్కలతో పన్నెండు కర్రలు చేయించాను. కర్రకి మూడు రూపాయలు. అప్పటి నుంచి పుల్‌త్రూ అయ్యాక ఈ కర్ర తిప్పనిదే ఏ రైఫిలూ స్టాండు ఎక్కలేదు.

రిటైరయ్యాక తీరిక దొరికి, మా మనవడు తెచ్చిన పుస్తకాలు చదివాను. ఈ రోగం మా షెడ్డుది మాత్రమే కాదని తెలిసింది. 1885 జనవరిలో సూడాన్‌లో అబూ క్లియా దగ్గర ఇంగ్లీషువాళ్ళ మార్టినీ హెన్రీ రైఫిళ్ళలో తూటాలు ఇరుక్కుని ప్రాణాలు పోయాయి. అప్పటి తొడుగు పలచటి ఇత్తడి రేకుని చుట్టి చేసింది, వేడికీ ఇసుకకీ చిరిగి లోపలే ఉండిపోయేది. ఆ తరవాతే ఏకంగా సాగదీసిన గట్టి ఇత్తడి తొడుగులకి మారారు.

అమెరికావాళ్ళు వియత్నాంలో ఎం-16 రైఫిల్ ఇచ్చినప్పుడూ ఇదే గొడవ. ఎంప్టీలు ఇరుక్కుని, కుర్రాళ్ళు మూతిలోంచి కడ్డీ పెట్టి పొడుచుకోవలసి వచ్చింది. సిపాయిలే శుభ్రం చెయ్యడం లేదని మొదట వాళ్ళ మీదికే నెట్టారు. 1967లో వాళ్ళ కాంగ్రెస్ ఉపసంఘం విచారిస్తే వేరే తేలింది. మందు రకం మార్చారు, శుభ్రం చేసుకునే సామాను చాలినంత ఇవ్వలేదు, చాంబర్‌కి క్రోమ్ పూత వెయ్యలేదు. తరవాత పూత వేశారు. చదువుతుంటే నాకు నా ఇండెంటు గుర్తొచ్చింది.

దీనికి తిరకాసు కూడా ఉంది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ అనే చోట కస్టర్ అనే అధికారి తన దళంతో సహా చనిపోతే, రాగి తొడుగులు ఇరుక్కోవడం వల్లే ఓడిపోయారని వందేళ్ళు చెప్పుకున్నారు. 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడ్డాక, తరవాతి రెండేళ్ళలో తవ్వకాలు చేసి తొడుగులు ఏరి చూస్తే, కత్తితో పెళ్ళగించిన గుర్తులున్నవి నూటికి అయిదు కూడా లేవు. అంటే తొడుగు ఒక్కోసారి తుపాకీని తప్పు పడుతుంది, ఒక్కోసారి వదిలేస్తుంది. చూడకుండా చెప్పకూడదు.

మన దేశం సంగతి ఇంకోటి. తెల్లవాళ్ళ కాలంలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాల పెట్టెలు గుర్రపు శాలల్లో పెట్టేవారు. ఎవరూ కాల్చకుండానే తొడుగులు పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిస్తే పగులుతుందని 1921లో తేల్చి చెప్పారు. తొడుగుని కొద్దిగా కాల్చి బిగువు తీసేస్తే ఆ బాధ తగ్గింది. ఈ మాట నర్సరీల ఊళ్ళో ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకో ఇప్పుడు మనవి చేస్తాను.

మన చుట్టుపక్కల కొందరి ఇళ్ళలో తాతల నాటి లైసెన్సు తుపాకులు ఉన్నాయి. బ్యాంకు గార్డులుగా చేసే మాజీ సైనికుల దగ్గర పన్నెండు బోరు ఉంటుంది. తూటాలని ఎరువుల బస్తాలున్న గదిలో, పశువుల కొట్టానికి ఆనుకున్న గదిలో పెట్టకండి. తోలు బెల్టులో ఏళ్ళ తరబడి ఉంచకండి, తోలులోని పదార్థానికి ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది, ఆ చిలుముతో చాంబర్‌లో పెడితే ఇరుక్కుంటుంది. పాత రకం కాగితపు తూటాలు మన డెల్టా తేమకి ఉబ్బుతాయి, లోపలికి పోనే పోవు, బలవంతంగా తోస్తే బయటికి రావు. చాంబర్‌కి నూనె రాస్తే తుప్పు రాదు నిజమే, కానీ కాల్చే ముందు పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. నూనె ఉంటే తొడుగు గోడని పట్టుకోదు, జారి ఆ బరువంతా బోల్టు మీద పడుతుంది.

ఇక ఇరుక్కుంటే ఏం చెయ్యాలి? మూతి తిరగనివ్వకండి, నిషానా వైపే ఉంచండి. వేలు గుర్రం మీంచి తియ్యండి. నొక్కినా పేలలేదంటే ఇంకా ఆలస్యంగా పేలవచ్చు, కనీసం అర నిమిషం కదలకుండా ఆగండి. మ్యాగజైన్ తీసెయ్యండి. లోపల ఉన్నది ఎంప్టీయా, గుండున్న తూటాయా అన్నది తేలకుండా మూతిలోంచి కడ్డీ పెట్టకూడదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. గుండు ఉంటే దాన్ని ఆర్మరర్‌కే వదిలెయ్యండి. తొడుగు అడుగు తెగి గొట్టం లోపలే ఉండిపోతే దానికి వేరే పనిముట్టు ఉంది, స్క్రూడ్రైవరుతో గీకితే చాంబర్ శాశ్వతంగా పోతుంది. ఇళ్ళలో ఉన్నవాళ్ళు అసలేమీ చెయ్యకుండా లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకెళ్ళడమే మంచిది.

త్రీ నాట్ త్రీ రోజులు అయిపోయాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినం కవాతుతో దానికి వీడ్కోలు చెప్పారని పేపర్లో చదివాను. కొత్త రైఫిళ్ళు ఎంప్టీని వాటంతట అవే విసిరేస్తాయి. మా అల్లుడు ఈ మధ్య అడిగాడు, అయితే వాటికి ఈ బాధ లేదా అని. ఉంది. ఎస్.ఎల్.ఆర్.లో గ్యాస్ సర్దుబాటు తప్పినా, చాంబర్ మురికైనా అక్కడే ఆగుతుంది. చాంబర్ చాంబరే.

ఆ కానిస్టేబులు తరవాతి బ్యాచ్‌లో కోర్సుకి వెళ్ళాడు, ఎ.ఎస్.ఐ.గా రిటైరయ్యాడు. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి వడ్డన దగ్గర నిలబడ్డాడు.

కర్ర మూడో వరస దాకా వెళ్ళినట్టుంది. పన్నెండింటిలో నాకు మిగిలింది అదొక్కటే, చూడటం అయ్యాక దయచేసి ఇటు పంపించండి.